ఇంజనుకు కుంపటి కావాలా?

ఢిల్లీలోని ఆర్.కె. పురంలో పుష్యమాసపు ఉదయాలన్నీ ఒకేవిధంగా ఆరంభమవుతాయి. ఇంకా పూర్తిగా తెల్లవారదు. పొగమంచులో వేపచెట్లు నీడలవలె నిలబడి ఉంటాయి. ప్రభుత్వ క్వార్టర్ల ముందు రాత్రంతా ఆరుబయట తడిసిన కార్లు, స్కూటర్లు ఒక్కొక్కటే మేలుకొంటాయి. కొన్ని పిలిచిన వెంటనే పలుకుతాయి. కొన్ని రెండు మూడుసార్లు దగ్గి, ఆపైన గొంతు విప్పుతాయి. ఏదో ఒకటి మాత్రం ఎంత బతిమాలినా పలకదు. అప్పుడు ఉన్ని టోపీలు పెట్టుకున్న నలుగురు పెద్దమనుషులు చేరి దానిని తోయడం మొదలుపెడతారు.

గత జనవరిలో అలా పలకనిది మా పై అంతస్తులో ఉండే మిత్రుని డీజిల్ కారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా, కేంద్ర ప్రభుత్వోద్యోగి. ఆయన తల్లిగారికి ఉబ్బసం. ఆనాడు ఉదయం ఏడు గంటలకు ఆమెను ఆస్పత్రిలో చూపించవలసి ఉన్నది. ఆయన కంగారుగా నా తలుపు తట్టి, "అన్నగారూ, సెల్ఫు కొడితే టకటకమంటున్నదే గాని ఇంజను తిరగడం లేదు. అమ్మ మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతున్నది" అన్నారు. నేను పోయి చూసినందువల్ల ఒరిగినదేమీ లేదు. చివరకు ఆటో పిలిచి వారిద్దరినీ పంపించాము.

ఆ సాయంత్రం ఆయన ఒక అట్టపెట్టెతో మళ్లీ వచ్చారు. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉండే ఆయన బావమరిది క్రితం పర్యాయం వచ్చినప్పుడు తెచ్చిన ఇంజను హీటరు అందులో ఉన్నది. "వేసవి దాటగానే నాకు లేహ్‌కు బదిలీ. దీనిని ఇప్పుడే బిగించుకుంటే ఇక్కడికీ పనికివస్తుంది, అక్కడికీ పనికివస్తుంది కదా! ఏమంటారు?" అని అడిగారు.

యంత్రాలతో నాకు కొంత పరిచయం ఉన్నందువల్ల ఇటువంటి ప్రశ్నలు నా దగ్గరకు వస్తుంటాయి. "ఒక్కరోజు ఆగండి" అన్నాను. ఆ ఒక్కరోజులో ఆయనకు చెప్పదలచుకున్నదే ఇక్కడ పాఠకులకూ చెబుతున్నాను. కుంపటి కొనే ముందు చలి ఎక్కడ పట్టిందో తెలుసుకోవాలి. మనిషి విషయంలోనైనా, యంత్రం విషయంలోనైనా వైద్యానికి ముందు జరగవలసినది రోగనిర్ణయమే.

చలి పట్టే చోట్లు నాలుగు

మొదటిది బ్యాటరీ. అందులో జరిగే రసాయనిక చర్య చలికి మందగిస్తుంది. సాధారణమైన సీసపు బ్యాటరీ సున్నా డిగ్రీల వద్ద తన శక్తిలో ఇంచుమించు మూడోవంతు కోల్పోతుంది. మైనస్ 18 డిగ్రీల వద్ద సగానికి మించి కోల్పోతుంది. అదే సమయంలో చిక్కబడిన నూనెలో ఇంజనును తిప్పడానికి మామూలుకంటె ఎక్కువ శక్తి కావాలి. ఆదాయం తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగినట్లన్న మాట.

ఇందులో ఢిల్లీవాసులు గమనించవలసిన విశేషం మరొకటి ఉన్నది. బ్యాటరీని నిజంగా దెబ్బతీసేది చలి కాదు, వేసవి. మే, జూన్ నెలల ఎండలకు లోపలి పలకలు త్వరగా శిథిలమవుతాయి. ఇంజను తేలికగా తిరిగే రోజులలో ఆ బలహీనత బయటపడదు. జ్యేష్ఠమాసంలో చేసిన అప్పు పుష్యమాసంలో వసూలవుతుంది. మనం మాత్రం నింద చలి మీద వేస్తాము.

రెండవది ఇంజను నూనె. నూనె డబ్బా మీద 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 వంటి గుర్తులు ఉంటాయి. 'డబ్ల్యూ' అన్నది ఇంగ్లీషులో శీతాకాలాన్ని తెలిపే మాటకు మొదటి అక్షరం. దానికి ముందున్న సంఖ్య ఎంత చిన్నదైతే ఆ నూనె చలిలో అంత పల్చగా ఉంటుంది. చలిలో ఇంజనును తిప్పగలదా లేదా అని 15డబ్ల్యూ రకాన్ని మైనస్ 20 డిగ్రీల వద్ద, 5డబ్ల్యూ రకాన్ని మైనస్ 30 వద్ద, 0డబ్ల్యూ రకాన్ని మైనస్ 35 వద్ద పరీక్షిస్తారు. వాహనం పుస్తకంలో సూచించిన రకాలలో మనం ఉండే చోటికి తగినదానిని ఎంచుకుంటే చాలు.

మూడవది ఇంధనం. పెట్రోలుకు మన దేశపు చలిలో గడ్డకట్టే భయం లేదు. డీజిల్ సంగతి వేరు. అందులో సహజంగానే మైనం జాతి పదార్థాలు ఉంటాయి. చలి ముదిరినప్పుడు అవి సన్నని పలుకులుగా విడివడి ఫిల్టరును మూసివేస్తాయి. ఇంకా ముదిరితే డీజిల్, పేరిన నేయి అవుతుంది. పైగా డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. చల్లని ఇనుము ఆ వేడిని పీల్చివేస్తుంది. అందుకే అనేక డీజిల్ ఇంజనులలో గ్లో ప్లగ్గులు అమర్చుతారు. తాళం తిప్పగానే వెలిగే చుట్టల దీపం ఆరేవరకు ఆగకుండా సెల్ఫు కొట్టేవారు తమ ఇంజనుతో తామే తగవు పెట్టుకున్నట్లు లెక్క.

నాలుగవది ఇంజను దిమ్మ, దాని చుట్టూ తిరిగే నీరు. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడికి ఇనుప దిమ్మ సైతం పగలవచ్చు. రేడియేటరులో కుళాయి నీళ్లు పోసుకునే అలవాటు గుంటూరులో గడిచిపోవచ్చునేమో గాని లేహ్‌లో గడవదు. నీరు, ఎథిలీన్ గ్లైకాల్ సమపాళ్లలో కలిపిన కూలెంటు మైనస్ 35 డిగ్రీల ప్రాంతం వరకు గడ్డకట్టదు.

ఢిల్లీ చలి లెక్క

ఇప్పుడు ఆర్.కె. పురం సంగతి చూద్దాం. మాకు సమీపంలోనే ఉన్న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 1935 జనవరి 16న మైనస్ 0.6 డిగ్రీలు నమోదయింది. అక్కడి రికార్డు అదే. 2021 జనవరి 1న 1.1 డిగ్రీలు, 2023 జనవరి 8న 1.9 డిగ్రీలు నమోదైనప్పుడు నగరమంతా వణికింది. మనుషులకు అది గొప్ప చలే. ఇంజనుకు మాత్రం కాదు. మంచి బ్యాటరీ, తగిన నూనె, పనిచేసే గ్లో ప్లగ్గులు ఉన్న ఏ వాహనమైనా ఆ చలిలో కదలి తీరాలి. కదలలేదంటే ఆ మూడింటిలో ఒకటి చెడినదని అర్థం.

ఈదురుగాలిని చూసి భయపడేవారికి ఒక మాట. గాలి మన ఒంటి వేడిని లాగివేస్తుంది కనుక మనకు చలి ఎక్కువగా తోస్తుంది. నిలిచి ఉన్న ఇంజను గాలి వల్ల త్వరగా చల్లబడుతుంది గాని, చుట్టూ ఉన్న ఉష్ణోగ్రతకంటె తక్కువకు పోదు. థర్మామీటరు చెప్పినదే దానికి లెక్క.

మా మిత్రుని కారు విషయంలోనూ అదే తేలింది. మరునాడు మెకానిక్ వచ్చి బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్లని పొడిని తుడిచి, మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ నాలుగు వేసవులు చూసినది. దానికి ఇక ఓపిక లేదు. కొత్తది వేసిన వెంటనే ఇంజను మొదటి పిలుపుకే పలికింది. అట్టపెట్టెలోని హీటరును ఆనాడు బిగించి ఉంటే మా మిత్రుడు డబ్బు ఖర్చుపెట్టి రోగాన్ని దాచుకున్నవాడయ్యేవాడు.

అసలు మా కాలనీలో దానిని వాడడమూ కష్టమే. కార్లు నిలిచేది ఆరుబయట రోడ్డు పక్కన. రెండో అంతస్తు కిటికీలోంచి తీగ వేలాడదీసి, మంచుకు తడిసే చోట రాత్రంతా కరెంటు పారించడం ప్రమాదాన్ని ఆహ్వానించడమే.

నేను చేసిన తప్పు

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇంజను వేడెక్కాలన్న ఉద్దేశంతో నేను చాలా ఏళ్లు ప్రతి శీతాకాలపు ఉదయం నా పెట్రోలు కారును పది పన్నెండు నిమిషాలు నిలిపి ఉంచి నడిపేవాడిని. ఆ సమయంలో లోపలికి వచ్చి కాఫీ తాగేవాడిని. కారు నిలిచేది పైవారి కిటికీకి సూటిగా కింద. ఆ గదిలో పడుకునేది ఉబ్బసంతో బాధపడే పెద్దావిడ.

చల్లని పెట్రోలు ఇంజనుకు మొదటి నిమిషాలలో ఇంధనం ఎక్కువ పాళ్లలో అందుతుంది. అది పూర్తిగా కాలదు. పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టరు సుమారు 250 నుంచి 300 డిగ్రీల వరకు వేడెక్కితే గాని సరిగా పని మొదలుపెట్టదు. నిలిచి ఉన్న కారులో అది నిదానంగా వేడెక్కుతుంది. నడిచే కారులో త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి ఇంజను పలికిన తరువాత అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడపడమే సరైన పద్ధతి. ఆర్.కె. పురంలో గాలి నాణ్యతను కొలిచే కేంద్రం ఒకటి ఉన్నది. చలికాలంలో దాని అంకెలు పత్రికలలో చూసి ప్రభుత్వాన్ని తిట్టుకున్న ఉదయాలలోనే నేను ఈ పని చేశానని ఇప్పుడు తలచుకుంటే సిగ్గు వేస్తుంది.

కుంపటి పుట్టిన కథ

మరి లేహ్ మాట? అక్కడ ఈ పరికరం ఆడంబరం కాదు. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పట్టణంలో జనవరి రాత్రులు మైనస్ 10 నుంచి మైనస్ 20 డిగ్రీల వరకు చల్లబడడం వింత కాదు. ద్రాస్ వంటి చోట్ల ఇంకా దిగుతుంది.

ఇటువంటి చలిని ఎదుర్కోవడానికి మనుషులు అనేక పాట్లు పడ్డారు. ఉత్తర కెనడాలో చిన్న విమానాలు నడిపినవారు రాత్రి ఇంజను నూనెను డబ్బాలోకి దించి, తెల్లవారి పొయ్యి మీద కాచి మళ్లీ పోసేవారు. రెండవ ప్రపంచయుద్ధంలో రష్యా చలిలో చిక్కిన జర్మన్ సైనికులు ఇంజనుల కింద మంటలు పెట్టవలసి వచ్చింది. అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో, గ్రాండ్ ఫోర్క్స్ పట్టణానికి చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఈ బాధకు ఒక సులువు కనిపెట్టాడు. ఇంజను తలను బిగించే బోల్టులలో ఒకదానిని తీసి, ఆ స్థానంలో కరెంటుతో వేడెక్కే కడ్డీని అమర్చాడు. 1949 నవంబర్ 8న దానికి పేటెంటు లభించింది. కెనడాలో స్థిరపడిన మన తెలుగువారి కార్ల ముందుభాగం నుంచి ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. అది ఆ కడ్డీ సంతతిదే.

రకాలు, గుణదోషాలు

నేడు దొరికే హీటర్లు ముఖ్యంగా నాలుగు విధాలు.

బ్లాకు హీటరు ఇంజను దిమ్మకున్న లోహపు మూతలలో ఒకదాని స్థానంలో అమరి, లోపలి కూలెంటును నేరుగా వేడిచేస్తుంది. సాధారణంగా 400 నుంచి 1,000 వాట్ల వరకు ఉంటుంది. పనితనంలో ఇది మేలైనది. అయితే మీ ఇంజనుకు సరిపోయే కొలతదే కావాలి. బిగించడం తెలిసిన మెకానిక్ చేతనే బిగించుకోవాలి.

రెండవ రకం రేడియేటరు గొట్టం మధ్యలో అమరేది. మూతకు చేయి అందని ఇంజనులకు ఇది అనుకూలం. గొట్టం అతుకుల వద్ద కారకుండా చూసుకోవాలి.

మూడవది ఆయిల్ పాన్ అడుగున అతికించే పలుచని మెత్త. 125, 250 వాట్ల వంటి తక్కువ శక్తితో నూనెను వేడిచేస్తుంది. ఇంజనును విప్పే పని లేదు. కాని దిమ్మకు, సిలిండర్లకు దీని వేడి అంతగా అందదు. బ్యాటరీ చుట్టూ కప్పే విద్యుత్ దుప్పటి కూడా ఈ కోవలోనిదే. విడిగా కంటె తోడుగా బాగా పనికివస్తుంది. నూనె కొలిచే కడ్డీ స్థానంలో దించే హీటరు చవకయినదే గాని, దాని వేడి కొద్దిపాటి నూనెకే పరిమితం.

నాలుగవది కరెంటు లేకుండా వాహనంలోని డీజిల్‌నే కాల్చి కూలెంటును వేడిచేసే హీటరు. ప్లగ్గు దొరకని చోట, రాత్రిళ్లు దారిలో ఆగవలసినవారికి ఇది ఉత్తమం. ధర మాత్రం తక్కినవాటికంటె ఎంతో ఎక్కువ. లేహ్ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. మామూలుగా అమర్చిన హీటరు అక్కడ సరిగా మండక మసిపడుతుంది. ఎత్తయిన ప్రదేశాలకు అనువుగా సరిచేసినదేనా అని కొనేటప్పుడే అడగాలి. దానికి ఎంతో కొంత బ్యాటరీ కూడా అవసరమే కనుక చచ్చిన బ్యాటరీని అది బతికించలేదు.

మా మిత్రునికి లేహ్‌లో ఇంటి ఆవరణ, ప్లగ్గు రెండూ లభిస్తాయి. శ్రీనగర్ నుంచి లేహ్ వరకు వేసిన విద్యుత్ లైనును 2019 ఫిబ్రవరి 3న జాతికి అంకితం చేసిన తరువాత ఆ పట్టణం దేశపు గ్రిడ్డుతో కలిసింది. కాబట్టి ఆయనకు బ్లాకు హీటరు చాలునన్నాను. అయితే దానిని రాత్రంతా వెలిగించి ఉంచనక్కరలేదు. నూరు కిలోల ఇనుమును, ఆరు లీటర్ల కూలెంటును 30 డిగ్రీలు వేడెక్కించడానికి 500 వాట్ల హీటరుకు లెక్క ప్రకారం గంటకు కొంచెం పైగా పడుతుంది. చుట్టూ పోయే వేడిని కూడా కలుపుకుంటే రెండు గంటలు. అంటే ఒక యూనిట్ కరెంటు. పది గంటలు వెలిగిస్తే ఐదు యూనిట్లు. ఫలితం మాత్రం ఇంచుమించు అంతే. ఒక టైమరు కొని, బయలుదేరే వేళకు రెండు గంటల ముందు వెలిగేటట్లు పెట్టుకుంటే సరిపోతుంది. మైనస్ 20 డిగ్రీల చలిలో హీటరు వాడితే ఇంధనం పది శాతం వరకు ఆదా కావచ్చునని కెనడా ప్రభుత్వం తన పౌరులకు చెబుతున్నది.

ఎడ్మంటన్ హీటరు సంగతి

ఇక ఆ అట్టపెట్టె. దానిమీద 120 వోల్టులు, 400 వాట్లు అని ముద్రించి ఉన్నది. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న అడాప్టరు తగిలించి పెడితే సరిపోతుందని ఆయన అభిప్రాయం. సరిపోదు. వోల్టేజి ఇంచుమించు రెట్టింపు అయితే అటువంటి కడ్డీలో పుట్టే వేడి రెట్టింపు కాదు, ఇంచుమించు నాలుగు రెట్లు. 400 వాట్ల హీటరు సుమారు 1,470 వాట్లు లాగుతుంది. కడ్డీ మాడిపోతే అదృష్టం; తీగ అంటుకుంటే ఇంజనుతోపాటు ఇల్లు కూడా పోవచ్చు. వోల్టేజి తగ్గించే తగిన ట్రాన్స్‌ఫార్మరు ఉంటే దానిని వాడవచ్చు. కాని మన వోల్టేజికి తయారైనది, ఎర్తింగు ఉన్నది కొనుక్కోవడమే క్షేమం. విదేశాల నుంచి బంధువులు ప్రేమతో తెచ్చే ప్రతి విద్యుత్ పరికరానికీ ఈ మాట వర్తిస్తుంది.

హీటరు తీర్చలేని లోటు కూడా ఒకటి ఉన్నది. బ్లాకు హీటరు ఇంజనును వేడిచేస్తుంది గాని ట్యాంకులోని డీజిల్‌ను కాదు. మైదానాలలో నింపుకున్న డీజిల్‌తో లడాఖ్ చలికాలంలోకి పోరాదు. మైనస్ 33 డిగ్రీల వరకు ప్రవహించగల ప్రత్యేకమైన శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ సంస్థ లడాఖ్ కోసం 2019 నవంబర్‌లో ప్రవేశపెట్టింది. చలి ముదరక ముందే ట్యాంకును దానితో నింపుకోవాలి. కొత్త డీజిల్ బండ్లలో కొన్నింటికి పొగను శుద్ధిచేసే యూరియా ద్రావణం విడిగా పోయాలి. అది మైనస్ 11 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. దానిని కరిగించే ఏర్పాటు బండిలో ఉన్నదో లేదో ముందే తెలుసుకోవాలి.

ఎటువంటి అవసరంలోనూ చేయరాని పనులు రెండు. డీజిల్ ట్యాంకు కింద గాని, ఆయిల్ పాన్ కింద గాని మంట పెట్టరాదు. కొండదారులలో కొందరు డ్రైవర్లు ఈ పని చేయడం చూసి ధైర్యం తెచ్చుకోరాదు. మూసిన షెడ్డులో ఇంజనును గాని, డీజిల్ కాల్చే హీటరును గాని నడపరాదు. వాటినుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడిని అది లేపదు.

ఇదంతా విన్న తరువాత మా మిత్రుడు, "అయితే అన్నగారూ, ఇక్కడికి బ్యాటరీ, అక్కడికి హీటరు. అంతేనా?" అని నవ్వారు. అంతే. చలి కొద్దిపాటిది అయినప్పుడు ఇంజను ఆరోగ్యం చూసుకోవాలి. చలి నిజమైనది అయినప్పుడు దానికి వేడి ఇవ్వాలి. మొదటిది చేయకుండా రెండవది చేస్తే డబ్బు దండగ. రెండవది అవసరమైన చోట మొదటిదానితో సరిపెట్టుకుంటే, అర్ధరాత్రి రోగిని ఆస్పత్రికి తీసుకుపోవలసినప్పుడు ఆ పొరపాటు ఖరీదు తెలుస్తుంది.

ఆ మరుసటి వారం నుంచి నేను కాఫీ ముందే తాగి కిందికి దిగుతున్నాను. ఇంజను పలికిన అర నిమిషానికి కారు కదులుతుంది. ఒకనాడు మెట్ల దగ్గర ఆ పెద్దావిడ ఎదురై, "ఈమధ్య తెల్లవారుజామున దగ్గు కాస్త తగ్గింది బాబూ, చలి వెనకపట్టిందేమో" అన్నారు. ఆనాటికి ఇంకా సంక్రాంతి రాలేదు. నేను ఏమీ అనలేకపోయాను.